ముందు నర్సు, తర్వాత పోలీసు

1930 మే 15న అమెరికాలో ఓక్లండ్ నుంచి షికాగోకు బయల్దేరిన ఒక విమానంలో ఎలెన్ చర్చ్ అనే నర్సు డ్యూటీ ఎక్కింది. విమానంలో ప్రయాణికుల బాగోగులు చూడటానికి జీతానికి చేరిన మొదటి ఆడమనిషి ఆమే. అయోవా రాష్ట్రంలో క్రెస్కో అనే చిన్న ఊరు ఆమెది. విమానం నడపడం నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, పైలట్ ఉద్యోగం అడుగుదామని శాన్‌ఫ్రాన్సిస్కోలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ వారి ఆఫీసుకు వెళ్ళింది. ఆడవాళ్ళకు ఆ ఉద్యోగం ఇచ్చే రోజులు కావవి. కాదనిపించుకుని ఊరికే తిరిగి రాలేదామె. పోనీ నర్సులనైనా పెట్టుకోండి, విమానమంటే జనం బెదురుతున్నారు, ఒక నర్సు నిబ్బరంగా తిరుగుతుంటే చూసి వాళ్ళకూ ధైర్యం వస్తుంది అని అక్కడి మేనేజరు స్టీవ్ స్టింప్సన్‌కు నచ్చజెప్పింది. ఎనిమిది మంది నర్సులను తీసుకున్నారు. దారిలో 13 చోట్ల దిగి లేస్తూ 20 గంటల ప్రయాణం. పెట్టెలు మోయడం, పెట్రోలు పోసేచోట ఓ చెయ్యి వెయ్యడం, నేలకు బిగించిన కుర్చీల మరలు వదులయ్యాయేమో చూడటం కూడా వాళ్ళ పనే. వయసు పాతికలోపు ఉండాలి, బరువు 115 పౌండ్లు దాటకూడదు. ఆ షరతులు చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పని మాత్రం నలుగురిది, బరువు సగం మనిషిది.

నేను గుంటూరులో ప్రభుత్వాసుపత్రి నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. రెండు మోకాళ్ళలోనూ లోహముంది. మా ఆయనకు షుగరు, రోజూ ఇన్సులిన్. కొడుకూ కోడలూ డాలస్‌లో. కాబట్టి సెక్యూరిటీ చెక్ వరసలో నిలబడటం, విమానంలో జబ్బు పడినవాళ్ళను చూడటం రెండూ నాకు అలవాటే. ఈ రెండింటి చరిత్ర కాస్త చదివాక నాకొక సంగతి తట్టింది. మొదట్లో విమానం మన కడుపును చూసి భయపడింది. తరువాత మన చేతిసంచీని చూసి భయపడటం మొదలుపెట్టింది. మొదటి భయానికి నర్సును పెట్టారు, రెండోదానికి పోలీసును పెట్టారు. పోలీసు వచ్చేసరికి నర్సు లేదు.

కడుపు సంగతి ముందు చెబుతాను. ఆ రోజుల విమానాల్లో లోపలి గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు లేదు. అందుకని మరీ పైకి పోయేవి కావు. కింద ఎగిరితే మేఘాలు, ఎండకు లేచే వేడిగాలి, కుదుపులు. లోపలున్నవాళ్ళు వరసగా వాంతులు. ఒత్తిడి నింపిన మొదటి ప్రయాణికుల విమానం, బోయింగ్ స్ట్రాటోలైనర్, 1940లో గానీ రాలేదు. వాంతుల సంచీ ఇంకా ఆలస్యం. లోపల ప్లాస్టిక్ పూత వేసిన సంచీని 1949లో గిల్మోర్ షెల్డాల్ అనే అమెరికన్ నార్త్‌వెస్ట్ విమానాల కోసం తయారుచేశాడు. మందు దొరకడం మరీ విచిత్రం. 1947లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లెస్లీ గే, పాల్ కార్లినర్ అనే ఇద్దరు డాక్టర్లు ఒంటిమీద దద్దుర్లకు ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నారు. దద్దుర్ల కోసం వచ్చిన ఒకావిడ ఈ మందు వేసుకున్న రోజు ట్రాములో తనకు కడుపులో తిప్పడంలేదని చెప్పింది. డాక్టర్లు ఆ మాట పట్టుకున్నారు. ఆ ఏడు నవంబరులో న్యూయార్క్ నుంచి జర్మనీకి పోయే సైనికుల ఓడలో వెయ్యిమందికి పైగా మనుషుల మధ్య పరీక్షించారు. అదే డ్రామమిన్. మన దగ్గర ఆ పని అవోమిన్ బిళ్ళ చేస్తూ వచ్చింది. అది వేరే మందు. శ్రీశైలం ఘాట్ ఎక్కే ఎర్రబస్సులో మా అమ్మ నిమ్మకాయ వాసన చూస్తూ, నాకు సగం అవోమిన్ బిళ్ళ ఇచ్చేది. ట్రాములో తిప్పలేదన్న ఆ రోగి మాటను కొట్టిపారేయకుండా విన్న డాక్టర్లంటే నాకు గౌరవం. ఆసుపత్రిలో అలాంటి మాటలు ఎన్ని గాలికి పోతాయో నాకు తెలుసు.

నర్సులను ఆకాశంలోంచి దింపింది రెండో ప్రపంచయుద్ధం. సైన్యానికి నర్సులు కావలసివచ్చారు. విమాన కంపెనీలు నర్సు చదువు తప్పనిసరి అన్న షరతు ఎత్తేశాయి. ఎలెన్ చర్చ్ కూడా సైన్యంలో చేరి, గాయపడిన సైనికులను తీసుకొచ్చే విమానాల్లో పనిచేసి ఎయిర్ మెడల్ అందుకుంది. యుద్ధం అయిపోయింది గానీ ఆ షరతు మళ్ళీ రాలేదు. మందులపెట్టె మిగిలింది, దాన్ని విప్పడం చదువుకున్న మనిషి పోయింది.

పోలీసు వచ్చిన కథ అందరికీ కొంత తెలిసిందే. 1968 నుంచి 1972 దాకా అమెరికాలో విమానాల హైజాక్‌లు నూరు దాటాయి. చాలామంది హైజాకర్లు క్యూబాకు పోనిమ్మనేవాళ్ళు. అప్పటిదాకా ఎక్కువమందిని వెతకకుండానే విమానం ఎక్కించేవారు. తనిఖీ పెడితే జనం రారని కంపెనీల భయం. 1972 నవంబరులో ముగ్గురు ఒక విమానాన్ని పట్టుకుని, ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద పడేస్తామని బెదిరించాక ఆ భయం చిన్నదైపోయింది. 1973 జనవరి 5 నుంచి ప్రతి మనిషినీ, ప్రతి చేతిసంచీనీ వెతకాలని ఉత్తర్వు వచ్చింది.

మన దేశంలో 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ము పోతున్న గంగ అనే ఫాకర్ విమానాన్ని లాహోరుకు మళ్ళించి, మనుషులు దిగాక తగలబెట్టారు. 1976లో ఢిల్లీ నుంచి బొంబాయి పోయే విమానాన్నీ లాహోరుకే తీసుకెళ్ళారు. ఆ తరువాత పాండే కమిటీ సిఫారసు మీద 1978 జనవరిలో పౌరవిమాన భద్రతా విభాగం డీజీసీఏ కింద చిన్న శాఖగా పుట్టింది. అది పుట్టిన ఏడాదిలోపే, డిసెంబరు 20న, లక్నోలో ఎక్కిన ఇద్దరు యువకులు విమానాన్ని వారణాసికి పోనిమ్మన్నారు. ఇందిరాగాంధీని జైలు నుంచి విడిచిపెట్టాలని వాళ్ళ డిమాండు. చేతిలో ఉన్నది బొమ్మ తుపాకీ. తరువాత ఆ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో ఎమ్మెల్యేలయ్యారు! ఇప్పుడు మా మనవడి బొమ్మ తుపాకీని హ్యాండ్ లగేజిలోంచి తీయించినప్పుడు వాడికి ఈ కథే చెప్పాను. వాడు నమ్మలేదు.

1985 జూన్ 23 నాటి కనిష్క విమానం మాత్రం వేరు. కెనడాలో వాంకూవర్‌లో ఒక మనిషి పెట్టె ఇచ్చాడు, తాను ఎక్కలేదు. ఆ పెట్టె టొరంటోలో ఎయిరిండియా విమానంలోకి మారింది. టొరంటోలో ఆ రోజు ఎక్స్‌రే యంత్రం పనిచేయలేదు. ఐర్లండ్ దగ్గర సముద్రం మీద విమానం పేలి 329 మంది పోయారు. మనిషి ఎక్కకపోతే అతని పెట్టె దింపాలన్న నియమం గట్టిపడింది ఆ తరువాతనే. మన భద్రతా విభాగం 1987 ఏప్రిల్ 1న సొంత శాఖ అయింది. ఎవరో ఒకరు రాలేదని విమానం కదలకుండా అరగంట ఆగితే, దింపుతున్న పెట్టె కోసమని పక్కవాళ్ళు విసుక్కుంటుంటే, నేను మాత్రం నోరు మూసుకుంటాను.

అప్పటికి హైదరాబాదు బేగంపేట విమానాశ్రయంలో సందర్శకుల టికెట్టు కొనుక్కుని విమానం లేచేదాకా చూసేవాళ్ళు. దండలు, టిఫిన్ క్యారియర్లు, ఏడుపులు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన విమానం హైజాకై అమృత్‌సర్, లాహోర్, దుబాయి మీదుగా కాందహార్ చేరింది. అందులోని చాలామంది 31 దాకా విడుదల కాలేదు. రాష్ట్ర పోలీసుల చేతిలోంచి విమానాశ్రయాల కాపలా కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్‌కు మారడం 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలైంది. హ్యాండ్ లగేజికి కట్టే చీటీ, దానిమీద కొట్టే ముద్ర గుర్తున్నాయా? అవి హైదరాబాదుతో కలిపి ఏడు పెద్ద విమానాశ్రయాల్లో 2017లో పోయాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక వీడ్కోలు చెప్పేవాళ్ళు గేటు బయటే ఆగిపోయారు.

ట్రేలో మనం పెట్టే ఒక్కో వస్తువుకూ ఒక తేదీ ఉంది. బూట్లకు 2001 డిసెంబరు 22, పారిస్ నుంచి మయామి పోతూ ఒకడు బూటులో పెట్టుకున్న మందుకు నిప్పంటించబోయిన రోజు. నీళ్ళసీసాకు 2006 ఆగస్టు 10, పానీయాల సీసాల్లో పేలుడు ద్రవం పట్టుకెళ్ళే పథకాన్ని లండన్ పోలీసులు బయటపెట్టిన రోజు. చేతులెత్తి నిలబడే యంత్రం అంతకుముందే ఉన్నా, ఊరూరా పాకింది 2009 క్రిస్మస్ నాటి లోదుస్తుల బాంబు తర్వాత. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని మా ఆయన వెటకారం. నేను ఒప్పుకోను. ఆపరేషన్ థియేటర్‌లో గాజుగుడ్డలు లెక్కపెట్టే నియమం కూడా ఎవరి కడుపులోనో గుడ్డ మిగిలిపోయాకే వచ్చింది. నాకు కోపం నియమం మీద కాదు. దాన్ని రాసినవాళ్ళు వెతకవలసిన మనిషిని బాగా ఊహించుకున్నారు గానీ, జబ్బుమనిషిని ఆఖరుకు గుర్తు చేసుకున్నారు. 2006 ఆగస్టులో ఆ మొదటి రోజుల్లో బ్రిటన్‌లో పసిపిల్లల పాలు పట్టుకొచ్చిన తల్లిని సిబ్బంది ఎదుట ఒక గుక్క తాగి చూపించమన్నారు. తరువాత నవంబరులో 100 మిల్లీలీటర్ల లెక్క వచ్చింది, మందులకు మినహాయింపు ఇచ్చారు.

ఆ మినహాయింపు కాగితం మీద బాగానే ఉంటుంది. ఇన్సులిన్ సీసా పది మిల్లీలీటర్లే. పేచీ దానితో కాదు, దాని పక్కన పెట్టుకునే చల్లటి జెల్ ప్యాక్‌తో. విమానం మారే ఒక ఊళ్ళో, ఏ ఊరో ఎందుకులెండి, జెల్ కరిగింది కాబట్టి అది ద్రవమన్నాడొకాయన. గడ్డకట్టి ఉంటే పరవాలేదట! డాక్టరు చీటీ చూపిస్తే ఇంగ్లీషులో ఉన్న ఆ చీటీని తిప్పి తిప్పి చూసి, ప్యాక్ చెత్తబుట్టలో వేశాడు. ఇన్సులిన్‌ను తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. చెకిన్ లగేజిలో పెట్టేస్తే ఈ గొడవ లేదు కదా అనేవాళ్ళకు ఒక మాట. కింద సామాను గదిలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టింది మళ్ళీ పనికిరాదు.

ఇంకొకటి, ఇది నర్సుగా చెబుతున్నాను. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దాని సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో 100 యూనిట్లు, సిరంజికి నారింజరంగు మూత. ఇక్కడి మందు ఆ తనిఖీల్లో పోయి, అక్కడ కొత్త సీసా కొని, ఇంటి నుంచి తెచ్చిన ఎర్రమూత సిరంజితో అదే గీత దాకా పీల్చారంటే ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది. జెల్ ప్యాక్ చెత్తబుట్టలో వేసిన ఆ మనిషికి ఇదంతా తెలియాలని నేననను. తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఆ వరస పక్కన ఉండాలంటాను.

మోకాళ్ళ విషయంలో మన దేశమే నయం. గుమ్మం కుయ్యిమనగానే తెర చాటుకు తీసుకెళ్ళి, ఆడ కానిస్టేబుల్ చేతి యంత్రంతో చూసి, "ఆపరేషనా అమ్మా?" అని అడిగి వదిలేస్తుంది. ఆసుపత్రి ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు ఎక్కడా ఎవరూ చదవరు. తడమడం తప్పదు, కార్డు ఉన్నా లేకపోయినా.

ఇక జబ్బు. విమానంలో కాళ్ళలో నెత్తురు గడ్డకట్టడం గురించి మొదటి పాఠం విమానంలో దొరకలేదు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా షెల్టర్లలో పడక కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. గుడ్డ కుర్చీ ముందుండే కర్ర తొడ వెనక ఒత్తుతుంది. అలా కూర్చున్నవాళ్ళలో కొందరు బాంబు పడకుండానే హఠాత్తుగా చనిపోతున్నారని, ఊపిరితిత్తుల్లో నెత్తురుగడ్డ ఇరుక్కుంటోందని శవపరీక్షలు చేసే డాక్టరు కీత్ సింప్సన్ ఆ ఏడే లాన్సెట్ పత్రికలో రాశాడు. షెల్టర్లలో పడుకోవడానికి బల్లలు వచ్చాయి. 1954లో బోస్టన్‌లో జాన్ హోమన్స్ అనే సర్జన్ గంటల తరబడి విమానంలో, కారులో కూర్చున్నవాళ్ళలో అదే జబ్బు చూసి రాశాడు. పిక్క నొప్పిని పరీక్షించడానికి పాదాన్ని పైకి వంచి చూసేవాళ్ళం, దానికి ఆయన పేరే. నర్సింగ్ స్కూల్లో ఆ పేరు బట్టీ పట్టాం గానీ విమానం సంగతి ఎవరూ చెప్పలేదు. 1977లో దీనికి ఎకానమీ క్లాస్ జబ్బని పేరు పెట్టారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది: 4 గంటలు దాటి కదలకుండా కూర్చుంటే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో దాదాపు 6,000 మందిలో ఒకరికి రావచ్చు. విమానమే కానక్కర్లేదు, రైలైనా బస్సైనా అంతే. గుంటూరు నుంచి తిరువణ్ణామలై పోయే యాత్రా బస్సుల్లో కాళ్ళు వాచినవాళ్ళను నేను చూశాను.

విమానం లోపలి గాలి ఒత్తిడి ఇప్పటికీ నేలమీద ఉన్నట్టు ఉండదు. 2,400 మీటర్ల ఎత్తు దాకా పోవచ్చు. ఊటీ 2,240 మీటర్లు. అంటే నెత్తురు తక్కువున్న మనిషిని, గుండె బలహీనంగా ఉన్న మనిషిని ఊటీ పైన కూర్చోబెట్టినట్టు. పైగా ఎండిపోయిన గాలి. మన ఆడవాళ్ళు విమానంలో బాత్రూముకు పోవాలంటే పక్కవాళ్ళను లేపాలని మొహమాటపడి నీళ్ళు తాగరు.

2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క వచ్చింది. 604 విమానాలకు ఒకటి చొప్పున వైద్యం అవసరపడింది. అందులో మూడో వంతు పైగా కళ్ళు తిరిగి పడిపోవడాలే. ఒకసారి నా వరసకు నాలుగు వరసల ముందు అదే అయింది. "డాక్టర్లెవరైనా ఉన్నారా" అని మైకులో అడిగారు. నర్సు ఉందా అని ఎవరూ అడగరు. నేనే లేచాను. నల్లగొండ వైపు పెద్దాయన, చెమటలు పట్టి కుర్చీలోంచి జారిపోతున్నాడు.

"బాబాయిగారూ, పొద్దున్నుంచి ఏం తిన్నారు?"

"సూది తీస్కున్న బిడ్డా. ఆ తిండి నోట్లె పెట్టబుద్ది కాలె."

ఇన్సులిన్ పోయింది, అన్నం పోలేదు. పళ్ళరసంలో చక్కెర కలిపి తాగించి, కాళ్ళు పైకెత్తి పెట్టాను. పావుగంటలో తేరుకుని, మీదే ఊరని అడిగాడు. మందులపెట్టె తెచ్చిన అమ్మాయి దాన్ని విప్పడానికి కాగితాలమీద సంతకాలు కావాలంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకు అంతే నేర్పారు.

కష్టంలో బుర్ర పాదరసంలా పనిచేసినవాళ్ళూ ఉన్నారు. 1995 మేలో హాంకాంగ్ నుంచి లండన్ పోతున్న విమానంలో ఒకావిడకు ఊపిరి ఆడలేదు. విమానాశ్రయానికి వస్తూ మోటారుసైకిలు మీంచి పడింది, ఛాతీలో గాలి చేరింది. ఆంగస్ వాలెస్ అనే ఎముకల డాక్టరు, టామ్ వాంగ్ అనే కుర్ర డాక్టరు కలిసి, కోటు తగిలించే కమ్మీని సాగదీసి, బ్రాందీలో కడిగి, దాని సాయంతో మూత్రం గొట్టాన్ని ఛాతీలోకి దింపి, రెండో కొసను నీళ్ళసీసాలో ముంచారు. మా వార్డులో ఛాతీ గొట్టానికి తగిలించే ఐసీడీ సీసా చేసే పని అదే. ఆవిడ బతికింది. ఆ నీళ్ళసీసా ఇప్పుడైతే గేటు దాకా రానిస్తారా అన్నది వేరే ప్రశ్న. అమెరికాలో 1998లో, విమానంలో సాయం చేసిన డాక్టర్లను కోర్టుకు ఈడ్వకుండా చట్టం వచ్చింది. గుండెకు షాకిచ్చే యంత్రం పెద్ద విమానాల్లో ఉండి తీరాలని 2004 గడువు పెట్టారు.

వీల్‌చైర్ల గురించి పేపర్లలో వెక్కిరింతలు చదువుతుంటాను. నడవగలిగిన తెలుగు తల్లిదండ్రులు కూడా వీల్‌చైర్ అడుగుతున్నారని. అడుగుతారు మరి. ఆ కుర్చీ తోసే మనిషి ఒక్కడే ఆ విమానాశ్రయంలో చివరిదాకా వెంట వచ్చేవాడు. ఫారం నింపడానికి, గేటు మారిందని చెప్పడానికి, బాత్రూము ఎక్కడో చూపడానికి ఇంకెవరున్నారు? 1930లో ఆ పని జీతానికి పెట్టుకున్న నర్సు చేసేది.

మినహాయింపులు రావని కాదు, అడిగేవాళ్ళ బలాన్ని బట్టి వస్తాయి. ఎండుకొబ్బరి ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ పట్టికలో ఉంది, నంబరు 1363. అందులో నూనె తనంతట తాను వేడెక్కుతుందని భయం. ఇరుముడిలో నేతి కొబ్బరికాయతో శబరిమల పోయే అయ్యప్పలకు చేతిసంచీలోనే తీసుకెళ్ళడానికి 2024 అక్టోబరులో ఆ సీజన్ వరకు అనుమతి ఇచ్చారు. విమానయాన మంత్రిగా ప్రకటించింది మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడే. మంచిదే. జెల్ ప్యాక్‌కు కూడా ఒక మాల వేయించాలి.

బూట్ల నియమం అమెరికాలో 2006 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు. పదిహేను గంటలు కూర్చుని పాదాలు వాచిన మనిషి ఇంకో విమానం పట్టుకోవడానికి బూటు విప్పితే మళ్ళీ ఎక్కించడం ఎంత తంటానో మా ఆయన్ని అడగాలి. షుగరు పాదాలు, చల్లటి నేల. 75 దాటినవాళ్ళకు 2012లో సడలించారు. 2025 జులైలో అందరికీ ఎత్తేశారు. అబ్బాయి ఫోన్ చేసి చెబితే, "75 నిండితే చాలని ఎదురుచూస్తున్నా, ఆ గౌరవం కూడా లేకుండా చేశారు" అన్నారాయన.